దండు వచ్చే దరువు

గోస్పాడు యోబు పేరు ఇప్పటి పిల్లలకు తెలియదు. వాళ్ల నాయనలకు తెలుసు. వాళ్ల అవ్వలకు ఇంకా బాగా తెలుసు. మిడుతూరు నుంచి ఆళ్లగడ్డ దాకా, పగిడ్యాల నుంచి కోవెలకుంట్ల దాకా మా బుర్రకథ వినని ఊరు ఉందంటే, ఆ ఊరికి బండి పోయే దారి లేదని అర్థం. నంద్యాలలో మాకు శాలువాలు కప్పారు. కడప రేడియోలో మా కథ వచ్చిన సాయంత్రం గోస్పాడులో రేడియో ఉన్న ఇంటి ముందు చెప్పులు విడవడానికి చోటు లేదు. అహోబిలం తిరునాళ్లలో గోవింద కొట్టే జనం ముందు నిలబడి, వాళ్ల చేతనే తందాన అనిపించిన క్రైస్తవుల దళం మాదే. వాన వచ్చినా, పెట్రోమాక్సు ఆరిపోయినా, జనం మధ్యలో ఎద్దులు పొడుచుకున్నా యోబు కథ ఆపిన మనిషి కాదు. ఒక్కసారి ఆపాడు. ఆ ఒక్కసారి సంగతి రాస్తే మనిషి మొత్తం తెలుస్తాడని ఇది రాస్తున్నాను.

మా దళం ముగ్గురం. నడుమ యోబు. భుజం మీద తంబురా, బొటనవేలికి తాళం వేసే అందెలు, తలకు ఎర్ర పాగా. కుడి వైపు నేను, సామ్యేలును. గుమ్మెట వాయిస్తూ, కథకు అడ్డం తగిలి జనాన్ని నవ్వించే వంత నాది. ఎడమ వైపు గుమ్మెట యోబు మేనల్లుడు మత్తయిది. యోబు ఒక మాట వదిలితే దాన్ని పట్టుకుని, ఇది న్యాయమేనా అని అడిగే వంత అతనిది.

యోబు పొట్టి మనిషి. "తంబురా నిన్ను మోస్తాందా, నువ్వు తంబురాను మోస్తాండావా మామా?" అని మత్తయి ఏడిపించేవాడు. పగలంతా నంద్యాల పత్తి మిల్లులో బేళ్లు మోయడం యోబు పని. వీపు మీద బరువు ఉంటేనే పాట కుదురుతుందనేవాడు. "కూసుంటే నాకు నిద్రొస్తాది గానీ పాట రాదు సామ్యేలన్నా" అనేవాడు. చదువు అతనికీ నాకూ ఒకటే, మా ఊరి బడిలో ఐదో తరగతి. అయినా యోసేపు కథ మొదలు నరసింహారెడ్డి కథ దాకా అన్నీ నోటికే. కాగితం చూసి కథ చెప్పేవాళ్లను చూస్తే యోబుకు జాలి.

మాకు పేరు తెచ్చింది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథే. తెల్లవాళ్ల కుంపిణీ మీద మా సీమలో తిరగబడిన పాలెగాడు ఆయన. కోవెలకుంట్ల ఖజానా మీద పడడం, నల్లమల కొండల్లో తలదాచుకోవడం, చివరికి ఆ కోవెలకుంట్లలోనే ఆయన్ను ఉరి తీసి తలను కోటకు వేలాడదీయడం, అంతా మా జనానికి మొన్న జరిగినట్టే ఉంటుంది. ఆ కథలో రెండు దరువులు యోబు సొంతంగా కట్టినవి ఉన్నాయి. వాటి సంగతి ముందే చెప్పాలి.

ఒకటి దండు వచ్చే దరువు. కుంపిణీ సిపాయిలు ఊరి మీదికి వస్తున్నారనగానే గుమ్మెట మీద అరచెయ్యి పెట్టి దబ్బుదబ్బున, కుంటి గుర్రం నడిచినట్టు వాయించాలి. నేను టోపీ వంకరగా పెట్టి, కాళ్లు కర్రల్లా బిగబట్టి, కుడికీ ఎడమకూ తేడా తెలియని సిపాయిలా నడిచేవాణ్ణి. జనం పొట్టలు పట్టుకునేవాళ్లు. మా కథలన్నిటిలో ఆ దరువుకు ఉన్నంత పేరు దేనికీ లేదు. అది మొదలైతే చాలు, నేను లేవకముందే నవ్వు లేచేది.

రెండోది కూటి దరువు. కొండలో దాక్కున్న వాళ్ల కోసం ఊళ్ల ఆడవాళ్లు గంపల్లో సంగటి ముద్దలు పెట్టుకుని, పైన ఎండుగడ్డి కప్పి, మేత కోసం పోతున్నట్టు పోయే దరువు. దానికి గుమ్మెట మీద వేళ్ల కొనలు మాత్రమే ఆడాలి. గట్టిగా వాయిస్తే కుంపిణీవాడికి వినపడుతుందని యోబు మమ్మల్ని కోప్పడేవాడు, నిజంగానే ఎవడో చెట్టు వెనక పొంచి ఉన్నట్టు.

మత్తయి సైన్యంలో చేరింది కరువు ఏడాది. మదరాసు దండులో వంతెనలు కట్టే పటాలంలోకి తీసుకున్నారు. అతని ఎడమ గుమ్మెటను యోబు భార్య లూదియా అందుకుంది. ఆడమనిషి గజ్జె కట్టడమేందని సంఘంలో ఒకరిద్దరు గొణిగితే, "మీ యింట్లో మగోడు యెవుడన్నా కట్టుకుంటానంటే చెప్పండి, ఇప్పిస్తా" అన్నది. ఎవరూ రాలేదు. మా సీమలో గజ్జె కట్టి కథ చెప్పిన మొదటి ఆడమనిషి లూదియానే అని నా నమ్మకం. కాదన్న వాళ్లు ఇంతవరకు ఎదురుపడలేదు.

ఇక దానమ్మ. ఆమె యోబుకు అక్క, మత్తయికి తల్లి. తల్లి పోయాక యోబును ఎత్తుకుని పెంచింది ఆమే. మొగుడు పోయాక నంద్యాలలో బొరుగుల బట్టీలో చేరి, మంగలం అనే వెడల్పు పెంకులో ఉడుకు ఇసుక కలియబెడుతూ కొడుకును పెద్ద చేసింది. బియ్యం ఇసుకలో పడి చిటపటమని పొంగే లోపలే జల్లెడ కింద పెట్టాలి, ఆలస్యమైతే మాడిపోతాయి. ఆ పనిలో ఆమె చేతికి సాటి లేదు. మాట కూడా అలాగే ఉండేది. వేడిగా వచ్చి పడేది, మాడేంత సేపు ఉండేది కాదు.

1971 డిసెంబరులో తూర్పు బెంగాల్లో యుద్ధం జరిగింది. అక్కడి జనం మా దేశం మాకు కావాలని నెలల తరబడి పోరాడుతుంటే, చివర మన సైన్యం వాళ్లకు తోడు పోయింది. గెలిచామని నంద్యాల బజారులో మిఠాయిలు పంచిన తర్వాత దానమ్మకు టెలిగ్రాం వచ్చింది. మత్తయి ఒక ఏటి దగ్గర చనిపోయాడు. అక్కడే పూడ్చిపెట్టారు. గుడిలో ప్రార్థన పెట్టాం. దానమ్మ ఏడవలేదు. మరుసటి రోజు బట్టీకి పోయి మంగలం ముందు కూర్చుంది.

ఆ మరుసటి ఏడు స్వాతంత్ర్యం వచ్చి ఇరవై ఐదేళ్లయిందని ఊరూరా పండుగ చేశారు. ఆళ్లగడ్డలో తెలుగు చెప్పే పార్థసారథి అయ్యవారు మాకు కబురు పెట్టారు. అహోబిలం స్వాముల ఇంటివారు. నామం, పంచె, చేతిలో ఎప్పుడూ పేపరు. మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి పులిహోర పెట్టించి అసలు మాట చెప్పారు.

"నూట ఇరవై ఐదేండ్ల కిందట మన సీమలో ఒక స్వాతంత్ర్య యుద్ధం. మొన్న బెంగాల్లో ఒకటి. రెంటినీ పక్కపక్కన పెట్టి చెప్పు యోబూ. పిల్లోళ్లు పోల్చి చూసుకుంటారు."

"పోల్చేదేముంది అయ్యవారూ. ఈయప్ప ఓడినాడు, బెంగాలోళ్లు గెలిచినారు" అన్నాడు యోబు.

"అంతేనా?"

యోబు పులిహోర ఆకు మడిచి పక్కన పెట్టాడు. "ఇంకొకటుండాది. ఓడినాయప్ప పేరు అందురికీ తెలుసు. గెలిపిచ్చేదానికి పోయిన మా మత్తయి పేరు మా పేటకు దప్ప ఎవురికీ తెల్దు."

అయ్యవారు "అయితే వాని పేరు కథలో పెట్టు" అన్నారు.

"పెడతా. ఒక చిక్కుండాది గానీ. నరసింహారెడ్డిని తరిమింది మదరాసు సిపాయిలు. మావోడు పోయింది గూడా మదరాసు దండులోనే."

"అప్పుడు ఎవురి కూడు తిని ఎవురి కోసం పోయినారు, ఇప్పుడు ఎవురి కోసం పోయినారు, అది చెప్పు. కథంతా దాంట్లోనే ఉండాదప్పా."

యోబు మరుసటి రోజు నుంచి బేళ్లు మోస్తూ కథ కట్టాడు. ఆ ఏడాది మిల్లులో అతను మోసినన్ని బేళ్లు ఎవరూ మోయలేదని మేస్త్రీ చెప్పుకునేవాడు. పార్థసారథి అయ్యవారు పేపర్లు చదివి వినిపించేవారు, యోబు విని పదం కట్టేవాడు. ఒక వైపు ఒక్క పాలెగాడు, ఇంకో వైపు దేశం దేశమే. ఒక వైపు కొండ, ఇంకో వైపు నీళ్లు. ఆ యుద్ధంలో గుర్రాలు, ఈ యుద్ధంలో పడవలు. పదాలు బాగా కుదిరాయి. నేను విని కుదిరిందనే అన్నాను.

కథకు రమ్మని చెప్పడానికి యోబూ నేనూ బట్టీకి పోయాం. దానమ్మ మంగలం మీద నుంచి చూపు తిప్పలేదు.

"వస్తావా అక్కా? మత్తయి కథ."

"వస్తా. ఒకటి అడుగుతా, చెప్పు. నీ కథలో రెడ్డికి కొండలోకి కూడు తీసకపోయినోళ్లు యెవురు?"

"మన ఆడోళ్లే."

"ఆయప్ప వాళ్లవాడు. అందుకు తీసకపోయినారు. నా కొడుకు ఆ బెంగాలోళ్లకు యేమైతాడని ముద్ద పెడతార్రా? యెవురన్నా పెట్టినారా, ఆకలితో పొయినాడా? అది నీ కథలో ఉండాదా?"

"నువ్వు రా అక్కా" అని మాత్రం అన్నాడు యోబు.

ఆగస్టు పదిహేను మధ్యాహ్నం, ఆళ్లగడ్డలో బడి ముందర షామియానా కింద కథ. అంత జనాన్ని అక్కడ నేను అంతకుముందు చూడలేదు. కోవెలకుంట్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. దానమ్మ ఉతికిన తెల్ల చీర కట్టుకుని ఆడవాళ్లలో ముందు కూర్చుంది. మొదటి సగం నరసింహారెడ్డి కథ. యోబు ఆ రోజు చెప్పినట్టు మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు. ఖజానా మీద పడే దగ్గర ఈలలు. దండు దరువుకు నేను కర్రకాళ్లతో నడిస్తే మునసబులు కూడా కండువాలు నోట్లో కుక్కుకున్నారు. ఉరి దగ్గర షామియానా కింద ముక్కు చీదిన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

తర్వాత రెండో సగం. బెంగాలు, అక్కడి జనం పడిన బాధలు. బాగానే సాగింది. అప్పుడు యోబు చెయ్యెత్తి, "అదిగో వచ్చెను మన దండు" అన్నాడు. మా గుమ్మెటలు వాటంతట అవే దబ్బుదబ్బుమన్నాయి.

ఇది ఎందుకు జరిగిందో చదివేవాళ్లు అర్థం చేసుకోవాలి. దండు వస్తోందంటే మా చేతులకు తెలిసిన దరువు అదొక్కటే. మా సీమ కథల్లో దండు ఎప్పుడు వచ్చినా జనాన్ని తరమడానికే వచ్చింది. తోడు రావడానికి వచ్చిన దండుకు మా దగ్గర దరువే లేదు. పదాలన్నీ కొత్తగా కట్టిన యోబుకు, దరువు మాత్రం పాతదే దొర్లిపోతుందని తోచలేదు.

నేను అడుగు కదపలేదు. అయినా జనం పకపకా నవ్వారు. ఇన్నేళ్లుగా ఆ దరువుకు నవ్విన నోళ్లు, నవ్వకుండా ఎట్లా ఉంటాయి? "వస్తాండారప్పా కర్రకాళ్లోళ్లు" అని ఎవరో అరిచారు. ఇంకా నవ్వు.

దానమ్మ లేచింది. చీరకు అంటిన మట్టి దులుపుకుని, ఎవరి వైపూ చూడకుండా, జనం మధ్య నుంచి బస్టాండు వైపు నడిచింది.

యోబు ఆ నడకను చూశాడు. అందెలు ఆగాయి. తంబురా భుజం మీది నుంచి దించి, పాగా తీసి దాని మీద పెట్టాడు. "కథ ఈ పొద్దుకు ఇంతే. నన్ను మన్నించండి" అన్నాడు. మంగళం పాడలేదు.

మంగళం పాడకపోవడమంటే మాలో చిన్న సంగతి కాదు. యోబుకు కథ నేర్పిన గురువు పెట్టిన నియమం ఒకటి ఉంది. ఒక కథకు మంగళం పాడకుండా ఇంకో కథకు తంబురా ఎత్తకూడదు. ఆ కథ ముగిసేదాకా నోరు కట్టేసుకోవాలి. అంటే యోబు మత్తయి కథను సరిగ్గా చెప్పి ముగించాలి, లేదా జన్మలో ఇంకో కథ చెప్పకూడదు. అది ముగిసిందని యోబు అనుకోవాలంటే దానమ్మ ముందు కూర్చుని వినాలి. ఆమె యోబు మొహం చూడడమే మానేసింది.

దసరాకు పిలిచారు, పోలేదు. క్రిస్మసుకు మా గుడిలోనే పాడలేదు. "శాలువాలు కప్పిన మనిషి ఇప్పుడు దుప్పటి కప్పుకోని పండుకున్నాడు" అని లూదియా ఎత్తిపొడిచేది. ఎత్తిపొడిచి, మళ్లీ తనే పక్కన కూర్చుని, చెంబు మీద కొత్త దరువులు కొట్టి చూపించేది. పెండ్లి మేళం కొట్టి చూశాం. పీర్ల పండుగ డప్పు కొట్టి చూశాం. కోలాటం వేసి చూశాం. ఒక్కటీ దండుకు అతకలేదు.

యోబు ఆదివారం ఆదివారం గుడి అయ్యాక నంద్యాలకు నడిచి, బట్టీ గడప దగ్గర కూర్చునేవాడు. ఒకరోజు నేనూ ఉన్నాను.

"అక్కా, తప్పయిపాయె" అన్నాడు.

దానమ్మ పక్కనున్న పనిమనిషితో అంది, "ఆ గడపలో యెవురో కూసున్నారు. బొరుగులు గావాలేమో అడుగు."

"నన్ను తిట్టన్నా తిట్టక్కా."

"తిట్టేదానికి యెవురో నాకు తెల్దని చెప్పు."

యోబు బొరుగులు కొనుక్కుని వచ్చేవాడు. వాళ్ల ఇంట్లో ఆ రోజుల్లో రోజూ బొరుగులతో చేసే ఉగ్గానే. "ఇంకొన్నాళ్లు ఈ అక్కా తమ్ముళ్లు మాట్లాడుకోకుంటే నేను బొరుగుల్లో మునిగి సస్తా" అని లూదియా నాతో చెప్పుకునేది.

చలి పోయి ఎండ ముదిరే రోజుల్లో మిడుతూరు నుంచి కరుణాకర్ అనే సిపాయి సెలవు మీద వచ్చాడు. మత్తయితో ఒకే పటాలంలో ఉన్నవాడు. దానమ్మను చూడాలని బట్టీని వెతుక్కుంటూ వచ్చాడు. అది ఆదివారమే. యోబు గడప దగ్గర ఉన్నాడు, నేను అతని వెనకే వీధిలో బీడీ కాలుస్తున్నాను. ఆమె ఎవరో తెలిసి కరుణాకర్ చేతులు జోడించి నిలబడ్డాడు. ఏం మాట్లాడాలో తోచక పక్కనున్న గంపలోంచి నాలుగు బొరుగులు నోట్లో వేసుకున్నాడు. వేసుకుని నమలడం ఆపేశాడు.

"ఇవే అమ్మా" అన్నాడు. "ఆడ గూడా ఇవే."

"యాడ?"

"బెంగాల్లో. వాళ్లు గూడా బొరుగులే తింటారు. మేము ఏటి కాడికి పోయేతలికి శత్రువులు వంతెన కూలగొట్టి పొయినారు. మన కుందేరు లాంటివి పదొచ్చినా ఆ ఏటికి చాలవు. మమ్మల్ని జూసి ఊరోళ్లు పారిపోతారనుకుంటిమి. పడవలేసుకోని మా కాడికే వచ్చినారు. మొగోళ్లు సామాన్లు మోసినారు. ఆడోళ్లు కొంగుల్లో బొరుగులు తెచ్చినారు. వాళ్ల ఇండ్లన్నీ కాలిపొయినాయి, అయినా తెచ్చినారు."

దానమ్మ మంగలం దించి కింద పెట్టింది. ఇసుక ఆరిపోతున్నా చూడలేదు.

"మావోడు తిన్నాడా?"

"ఒక ముసలామె మత్తయిని పట్టుకోని వదల్లేదమ్మా. ఆమె మాట మాకు రాదు, మా మాట ఆమెకు రాదు. పక్కన కూసోని ఇంకా తిను, ఇంకా తిను అని చెయ్యి ఊపుతాంది. ఆమె తెచ్చిందంతా వాడే తిన్నాడు. మాకు మిగల్చలేదు."

"వాడంతే" అంది దానమ్మ. ఆమె నవ్వడం చాలా నెలల తర్వాత అదే చూశాను. "ఏమేసి కలిపింది?"

"ఉల్లిగడ్డ, పచ్చిమిరప. పైన ఆవనూనె."

"ఆవనూనా? ఎట్ల తిన్నాడప్పా?"

"మాకెవురికీ ఆ వాసన పడలేదు. వాడు మాత్రం మా యమ్మ కలిపినట్టే ఉండాది అనుకుంట తిన్నాడు."

"అబద్ధాలకోరు" అంది దానమ్మ. "నేనెప్పుడు ఆవనూనె కలిపితి?"

కరుణాకర్ నేల చూపులు చూస్తూ మిగతాది చెప్పాడు. మరుసటి రోజు వంతెన పని మీద ఉండగా గుండు వచ్చి పడింది. ఏటి గట్టునే పూడ్చారు. పూడ్చేటప్పుడు ఆ ముసలామె వచ్చింది.

"యేడ్చిందా?" అంది దానమ్మ.

"యేడ్చిందమ్మా. మేమంతా సిపాయిలం. ఆడ వానికి యేడ్చేదానికి ఇంకెవురున్నారు."

అప్పుడు దానమ్మ ఏడ్చింది. టెలిగ్రాం వచ్చిన నాటి నుంచి ఆగినదంతా వచ్చింది. పనివాళ్లు మంగలాలు వదిలి చుట్టూ చేరారు. బట్టీలో బొరుగులు ఎన్ని మాడాయో ఎవరూ అడగలేదు.

యోబు గడప దగ్గరే ఉన్నాడు. పక్కన బోర్లించిన జల్లెడ మీద అతని వేళ్లు కదులుతున్నాయి. అరచెయ్యి కాదు, కొనలు మాత్రమే. నాకు ఆ దరువు తెలుసు.

"ఇన్నాళ్లు దండుది యెతుకుతాంటిమి సామ్యేలన్నా" అన్నాడు నెమ్మదిగా. "దండుది గాదు. కూటిది."

దానమ్మ కళ్లు తుడుచుకుని గడప వైపు చూసింది. తమ్ముడితో మాట్లాడింది. "యిన్నావు గదా. ఇప్పుడు చెప్పు. జనం ఎట్ల నవ్వుతారో నేనూ జూస్తా."

మా గుడి కోత పండుగ నాడు కథ పెట్టుకున్నాం. ఆ పండుగకు ప్రతి ఇల్లూ తొలి పంట తెచ్చి గుడిలో పెడుతుంది. జొన్న కంకుల కట్టలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆరాధన అయి భోజనాలు ముగిశాక గుడి ముందర, వేపచెట్ల నీడలో మేము గజ్జెలు కట్టాం. పార్థసారథి అయ్యవారు ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చారు. "నా పండుగ సగంలో ఆగిపాయె. మిగతా సగం వినకుండా యాడికి పోతా" అని మా సంఘపెద్ద వేసిన కుర్చీలో కూర్చున్నారు. కరుణాకర్ సెలవు ఇంకా మిగిలే ఉంది. అతనూ వచ్చాడు.

యోబు మొదటి నుంచి మొదలుపెట్టాడు. నరసింహారెడ్డి కథ, ఆడవాళ్లు కొండకు సంగటి మోసే కూటి దరువు, ఉరి. తర్వాత బెంగాలు. మళ్లీ చెయ్యెత్తి "అదిగో వచ్చెను మన దండు" అన్నాడు. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వడానికి పళ్లు బయటపెట్టారు కూడా.

లూదియా, నేను వేళ్ల కొనలు ఆడించాం.

జనానికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. దండు వస్తుంటే కూటి దరువేంది? యోబు పదం ఎత్తుకున్నాడు. దండు వచ్చింది, జనం పారిపోలేదు, గడపలు దాటి ఎదురు వచ్చారు, కాలిన ఇళ్ల నుంచి కొంగులు నింపుకుని వచ్చారు. నల్లమల దారిలో గంప మోసిన తల్లీ, ఏటి గట్టున కొంగు విప్పిన తల్లీ పక్కపక్కన నడిచారు. ఆయన మన బిడ్డ అని ఈమె పెట్టింది, నా బిడ్డ కాకపోతేనేం అని ఆమె పెట్టింది. ముందు వరసలో పళ్లు మూసుకున్నాయి. ముసలవ్వ ఒకామె తనకు తెలియకుండానే చెయ్యెత్తి తల మీద పెట్టుకుంది, గంప పడిపోకుండా పట్టుకున్నట్టు. ఆ దరువుకు అలవాటైన చెయ్యి అది.

మత్తయి పేరు ముగ్గురం కలిసి పలికాం. అతను కూర్చునే ఎడమ వైపు నుంచి లూదియా గొంతు అందరి కంటే పైకి వచ్చింది.

మంగళానికి ముందు చదివింపులు ఉంటాయి. ఎవరు ఏం ఇచ్చినా, ఎవరి పేరున ఇచ్చారో కథకుడు పెద్దగా చదవాలి. కొందరు తమ పేరున ఇస్తారు, కొందరు చనిపోయిన వాళ్ల పేరున. యోబు చదువుతున్నాడు. ఫలానా వారి పేరున కుంచం జొన్నలు. ఫలానా వారి పేరున కోడిపుంజు. పార్థసారథి అయ్యవారు తమ భుజం మీది కండువా తీసి ఇచ్చి, మత్తయి పేరున చదవమన్నారు.

అప్పుడు దానమ్మ లేచింది. ఆళ్లగడ్డలో లేచి వెళ్లిన నడక మా ముగ్గురికీ గుర్తుంది. ఈసారి ఆమె మా వైపు వచ్చింది. చేతుల్లో చేటెడు బొరుగులు, ఉల్లిగడ్డ, పచ్చిమిరప కలిపినవి.

యోబు చేట అందుకున్నాడు. "ఎవురి పేరున సదవాల అక్కా? మత్తయి పేరునేనా?"

"వాని పేరున అయ్యవారు ఇచ్చినారు గదా" అంది దానమ్మ. "నాది ఆ యమ్మకు. పేరు మనకు తెల్దు. ఏటి అవతల మత్తయి తల్లి అని సదువు."

యోబు చదివాడు. గుడి గోడ దాకా వినపడేటట్టు చదివాడు. అందెలు మోగించి మంగళం ఎత్తుకోబోతే దానమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు తినండి, మెత్తబడతాయి" అని చేటను మా ముగ్గురి మధ్యకు తోసింది. కరుణాకర్‌ను కూడా పిలిచింది. "రా నాయనా. ఆవనూనె ఏయలేదులే."